కిలో రాయిలో ఎంత చక్కెర?

2025 ఫిబ్రవరి మూడో వారంలో టీవీ చానళ్లన్నీ ఒక రాయి వెంట పడ్డాయి. అది 2024 వైఆర్4 అనే గ్రహశకలం. 2032 డిసెంబరు 22న అది భూమిని ఢీకొట్టే అవకాశం 3.1 శాతం ఉందని ఫిబ్రవరి 18న నాసా లెక్క తేల్చింది. పడితే ఎక్కడ పడవచ్చో చూపించే సన్నని పట్టీ ఒకటి పటం మీద గీశారు. పసిఫిక్ తూర్పు భాగంలో మొదలైన ఆ పట్టీ దక్షిణ అమెరికా ఉత్తరపు అంచు, అట్లాంటిక్, ఆఫ్రికా, అరేబియా సముద్రం దాటి దక్షిణాసియాలోకి వచ్చింది. అంటే మన దేశం కూడా అందులో ఉంది. ఇంకేం కావాలి? "హిరోషిమా బాంబుకు 500 రెట్లు" అన్న మాట ఫోన్లలో ఊరూరా తిరిగింది. వారం తిరిగేసరికి కొత్త పరిశీలనలు వచ్చి ప్రమాదం దాదాపు సున్నాకు దిగింది. వార్త చల్లారిపోయింది. ఆ 500 అన్న అంకెను మాత్రం విప్పి చూసినవాళ్లు తక్కువ.

అంకె వెనుక ఉన్న సూత్రం హైస్కూలు భౌతికశాస్త్రంలోదే. కదిలే వస్తువు ద్రవ్యరాశిలో సగం తీసుకుని, వేగంతో రెండుసార్లు గుణిస్తే గతిశక్తి వస్తుంది. జవాబు జౌళ్లలో ఉంటుంది. పదిహేనేసి, పదహారేసి సున్నాలు చూస్తే కళ్లు తిరుగుతాయి కాబట్టి దాన్ని టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం లెక్కలోకి మారుస్తారు. 1000 టన్నుల టీఎన్‌టీ ఒక కిలోటన్ను, 10 లక్షల టన్నులు ఒక మెగాటన్ను. హిరోషిమా బాంబు సుమారు 15 కిలోటన్నులు. అణుబాంబుల కాలంలో అలవాటైన కొలత ఇది. అందుకే గ్రహశకలం మాట ఎత్తగానే హిరోషిమా పేరు వెంటబడి వస్తుంది.

నిజామాబాద్ జిల్లాలో టీఎన్‌టీని కళ్లారా చూసినవాళ్లు ఎందరుంటారో గానీ, చక్కెర ఎరగనివాళ్లు లేరు. నిజాంసాగర్ కాలువ నీళ్లు, నల్లరేగడి నేలలు, 1937లో శక్కర్‌నగర్‌లో వెలిసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ కలిసి బోధన్‌ను చెరకు ఊరిని చేశాయి. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు పేరు మోసిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అయినా బోధన్ అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది చక్కెరే. ఈ ప్రసంగానికీ అదే కొలత.

కిలో టీఎన్‌టీ పేలితే వెలువడే శక్తి సుమారు 42 లక్షల జౌళ్లు. కిలో చక్కెర పూర్తిగా మండితే వచ్చేది 165 లక్షల జౌళ్లు. అంటే కిరాణా కొట్లో పొట్లం కట్టిచ్చే చక్కెరలో ఆ పేలుడు పదార్థానికి నాలుగింతల శక్తి ఉంది! మరి పేలదేం? చక్కెర మండాలంటే బయటి గాలిలోంచి ఆక్సిజన్ అందాలి. పలుకు పైపొర నుంచి లోపలికి మెల్లగా మండాలి. టీఎన్‌టీకి ఆ ఆగడం లేదు, రెప్పపాటులో వెయ్యోవంతు కూడా దానికి ఎక్కువే. అలాగని చక్కెర ఎప్పుడూ సాధువే అనుకుంటే పొరపాటు. పిండిలా నలిగి గాలిలో తేలే చక్కెర ధూళికి నిప్పు తగిలితే అదీ పేలుతుంది. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, పోర్ట్ వెంట్‌వర్త్ అనే ఊరి చక్కెర కర్మాగారంలో ఇలాగే ధూళి అంటుకుని 14 మంది చనిపోయారు. శక్తి ఎంత అన్నది ఒక ప్రశ్న. అది ఎంతసేపట్లో, ఎక్కడ బయటపడుతుంది అన్నది వేరే ప్రశ్న. ఈ రెండో ప్రశ్నతో కాసేపటికి మళ్లీ పని పడుతుంది.

ఇక రాయి సంగతి. అందులో మండేదేమీ లేదు. ఉన్న శక్తంతా పరుగులోనే ఉంది. సెకనుకు 2.9 కిలోమీటర్ల వేగంతో పోయే కిలో రాయిలో కిలో టీఎన్‌టీ అంత శక్తి ఉంటుంది. అదే రాయి సెకనుకు 5.7 కిలోమీటర్లు అందుకుంటే కిలో చక్కెరతో సమానం.

అపోఫిస్ అనే గ్రహశకలాన్ని 2004 జూన్‌లో అరిజోనాలోని కిట్ పీక్ నుంచి కనిపెట్టారు. భూమి ఆకర్షణ ఇంకా అందని దూరంలో, భూమితో పోల్చి చూస్తే దాని వేగం సెకనుకు సుమారు 5.8 కిలోమీటర్లు. అంటే అక్కడ అపోఫిస్‌లోని కిలో రాయికి కిలో చక్కెర అంత శక్తి. కాకతాళీయమే కానీ, బోధన్ వాళ్లు మరిచిపోలేని అంకె.

అక్కడి నుంచి భూమి లాగడం మొదలుపెడుతుంది. ఎంత దూరం నుంచి ఎంత నిదానంగా బయలుదేరిన గ్రహశకలమైనా భూమి వాతావరణాన్ని తాకే వేళకు సెకనుకు 11 కిలోమీటర్లు దాటాల్సిందే. రాకెట్ భూమిని విడిచి పోవడానికి కావలసిన 11.2 కిలోమీటర్ల వేగమే ఇక్కడ తిరుగు దారిలో పనిచేస్తుంది. అపోఫిస్ గనక పడే పరిస్థితి వస్తే, తెచ్చుకున్న 5.8కి ఈ 11.2ని నేరుగా కూడకూడదు. రెంటి వర్గాలనూ కూడి వర్గమూలం తీయాలి, 12.6 వస్తుంది. అప్పుడు కిలో రాయిలో ఉండే శక్తి దాదాపు 4.8 కిలోల చక్కెరకు సమానం. ఇందులో రాయి తన వెంట తెచ్చుకున్నది ఒక కిలో, మిగిలిందంతా భూమి పోసిందే. ముప్పు ఆకాశం నుంచి వస్తుందని అంటాం గానీ, ఈ రాయి విషయంలో అయిదింట దాదాపు నాలుగు వంతుల బలం మన నేల ఇచ్చేదే.

పక్కనుంచి పోయే రాయికి అంత బలం చేరదు. 2029లో భూమికి అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా అపోఫిస్ వేగం సెకనుకు 7.4 కిలోమీటర్లే ఉంటుంది. చేరిన ఆ కొద్దిపాటి బలాన్ని కూడా దూరంగా పోతూ పోతూ తిరిగి కోల్పోతుంది. పత్రికల్లో వచ్చే మెగాటన్నులు "పడితే ఎంత" అన్న లెక్క. పోతున్న రాయి దగ్గర ఆ క్షణాన ఉన్న శక్తి వేరు. ఈ తేడా వార్తల్లో సాధారణంగా కనిపించదు.

ఈ అపోఫిస్‌కు మన తీరంతో ఒక విచిత్రమైన ముడి ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. మరునాడు, 27న, అపోఫిస్ 2029లో భూమిని ఢీకొట్టే అవకాశం 2.7 శాతానికి ఎక్కింది. 37లో ఒకటి! మామూలు రోజైతే ప్రపంచమంతా హడలెత్తేది. కాకినాడ నుంచి నాగపట్నం దాకా తీరం తన వాళ్లను వెతుక్కుంటున్న రోజున ఆ వార్త ఎవరి చెవికీ ఎక్కలేదు. పాత ఫొటోల్లో అదే రాయి కనపడి కక్ష్య సరిచూడగానే 2029 ముప్పు తొలగిపోయింది. 2021లో రాడార్ పరిశీలనల తర్వాత, కనీసం రానున్న వందేళ్లు దానితో భయం లేదని నాసా తేల్చింది.

వేగం తెలుసుకోవడం ఖగోళ శాస్త్రానికి పెద్ద పనేమీ కాదు. కొన్ని రాత్రులు వెంబడిస్తే కక్ష్య తెలుస్తుంది, కక్ష్య తెలిస్తే వేగం దశాంశ స్థానాలతో సహా వచ్చేస్తుంది. చిక్కంతా బరువు దగ్గరే. దూరదర్శినిలో గ్రహశకలం ఒట్టి చుక్క. ఆ చుక్క ఎంత వెలుగుతోందో కొలిచి, రాయి ఎంత పెద్దదో ఊహించాలి. కర్బనంతో నల్లబడ్డ పెద్ద రాయీ, తెల్లటి చిన్న రాయీ అంతే వెలుగును పంపగలవు. 22వ కాంతి తరగతి గ్రహశకలం అడ్డుకొలత, దాని పైపొర నలుపు తెలుపులను బట్టి, 100 మీటర్లకు కాస్త పైన మొదలై 265 మీటర్ల దాకా ఎంతైనా కావచ్చు.

ఈ కాంతి తరగతుల లెక్కకు దక్షిణాదితో చుట్టరికం ఉంది. అయిదు తరగతుల తేడా అంటే నూరు రెట్ల వెలుగు అన్న కొలమానాన్ని 1856లో ఖాయం చేసినవాడు నార్మన్ పాగ్సన్. 1861లో ఆయన మద్రాసు వేధశాలకు అధిపతిగా వచ్చాడు. వచ్చిన ఏడాదే ఏప్రిల్‌లో ఒక గ్రహశకలాన్ని పట్టుకుని, ఆసియా ఖండం నుంచి దొరికిన మొదటిది కాబట్టి "ఏషియా" అని పేరు పెట్టాడు. 1891లో చనిపోయేదాకా మద్రాసులోనే ఉన్నాడు. ఆ తర్వాత హైదరాబాద్ బేగంపేటలోని నిజామియా వేధశాల ప్రపంచవ్యాప్త ఆకాశ పటం కోసం ఏళ్ల తరబడి గాజు పలకల మీద ఫొటోలు తీసింది. అలాంటి పలకల మీద నక్షత్రాలు చుక్కలుగా, గ్రహశకలాలు చిన్న గీతలుగా పడతాయి. ఎక్స్‌పోజర్ జరుగుతున్నంతసేపూ అవి నడుస్తూనే ఉంటాయి మరి.

మళ్లీ వైఆర్4 దగ్గరికి వస్తే, మొదట్లో దాని అడ్డుకొలత 40 నుంచి 90 మీటర్ల మధ్య అన్నారు. వినడానికి రెట్టింపుకు కాస్త పైన, అంతే కదా అనిపిస్తుంది. అడ్డుకొలత రెట్టింపైతే బరువు ఎనిమిదింతలవుతుంది. 40 మీటర్లనుకుని, రాయి సాంద్రత నీటికి 2.6 రెట్లని, వేగం సెకనుకు 17.3 కిలోమీటర్లని తీసుకుంటే శక్తి 3 మెగాటన్నులు. 90 మీటర్లనుకుంటే 35 మెగాటన్నులు. 55 మీటర్లనుకుంటే 8 మెగాటన్నులు, అదే ఊరూరా తిరిగిన 500 హిరోషిమాలు. నిజాయితీగా చెప్పాలంటే ఆ రోజున చెప్పవలసింది 200 నుంచి 2300 రెట్ల మధ్య అని. అలా చెబితే బ్రేకింగ్ న్యూస్ పట్టీలో పట్టదు.

2025 మార్చిలో జేమ్స్ వెబ్ దూరదర్శిని ఆ రాయిని పరారుణ కాంతిలో చూసింది. ఎండకు కాగిన రాయి వెదజల్లే వేడిని కొలిస్తే, పైపొర నలుపా తెలుపా అన్న గొడవ చాలావరకు తప్పిపోతుంది. అడ్డుకొలత సుమారు 60 మీటర్లని తేలింది. ఆ లెక్కన 10 మెగాటన్నుల పైచిలుకు. చక్కెరలో చెప్పాలంటే దాదాపు 27 లక్షల టన్నులు. భారతదేశంలో ఏడాదికి తయారయ్యే చక్కెర మూడు కోట్ల టన్నుల అటూ ఇటూ కాబట్టి, దేశమంతటి మిల్లుల నెల రోజుల పని ఆ ఒక్క రాయిలో ఉంది. ఇంకో సంగతి. అది 2024 డిసెంబరు 25న భూమికి దగ్గరగా, సుమారు 8 లక్షల 29 వేల కిలోమీటర్ల దూరంలో పోయింది. చిలీలోని అట్లాస్ దూరదర్శినికి కనపడింది 27న. వచ్చి వెళ్లాక చూశాం.

అపోఫిస్‌కూ ఇదే తంతు. ముందు 270 మీటర్లన్నారు, 2013లో హెర్షెల్ అంతరిక్ష దూరదర్శిని 325 అంది, రాడార్ 340 అంది. 270, 340ల మధ్య తేడా చిన్నదే అనిపించినా శక్తి సరిగ్గా రెట్టింపైంది. రాయి మాత్రం ఉన్నట్టే ఉంది. 340 మీటర్ల లెక్కన అది పడితే వెలువడేది సుమారు 1000 మెగాటన్నులు. ప్రపంచమంతా కలిసి ఏడాదిన్నరలో తయారుచేసే చక్కెర.

అడ్డుకొలత తెలిసినా సాంద్రత మిగిలే ఉంటుంది. బెన్ను అనే గ్రహశకలం దగ్గరికి వ్యోమనౌక వెళ్లి చూస్తే అది గుల్ల గుల్లగా పేరుకున్న రాళ్ల కుప్ప, నీటికన్నా కొద్దిగానే బరువు. ఇనుప రకమైతే అంతే పరిమాణానికి ఆరు రెట్లకు పైగా తూగుతుంది.

ఇప్పుడు ఆ రెండో ప్రశ్న: శక్తి ఎంతసేపట్లో, ఎక్కడ బయటపడుతుంది? 2013 ఫిబ్రవరి 15న శాస్త్రవేత్తల కళ్లన్నీ 2012 డీఏ14 అనే గ్రహశకలం మీద ఉన్నాయి. అది భూమికి 27,700 కిలోమీటర్ల ఎత్తున పోబోతోందని ముందే తెలుసు. దానికి కొన్ని గంటల ముందు, దానితో ఏ సంబంధమూ లేని ఇంకో రాయి సూర్యుడున్న దిక్కు నుంచి ఎవరికీ కనపడకుండా వచ్చి రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద సుమారు 30 కిలోమీటర్ల ఎత్తున పగిలింది. అడ్డుకొలత 19 మీటర్లు, బరువు దాదాపు 12,000 టన్నులు, వేగం సెకనుకు 19 కిలోమీటర్లు. శక్తి సుమారు 500 కిలోటన్నులు, అంటే లక్షా 27 వేల టన్నుల చక్కెర. రోజుకు 3500 టన్నుల చెరకు ఆడి, 10 శాతం రికవరీ తీసే మిల్లు ఒకటి ఉందనుకుందాం. అంత చక్కెర తీయాలంటే అది ఏడాది పొడుగునా ఆగకుండా తిరగాలి. క్రషింగ్ సీజన్ నాలుగైదు నెలలే కాబట్టి దాదాపు మూడు సీజన్ల చక్కెర కొన్ని సెకన్లలో బయటపడింది.

అయినా ఎవరూ చనిపోలేదు. శక్తిలో ఎక్కువ భాగం పై గాలిలోనే ఖర్చయిపోయింది. దెబ్బలు తగిలినవాళ్లు మాత్రం సుమారు 1500 మంది, చాలామందికి గాజు పెంకులతోనే. ముందు సూర్యుణ్ని మించిన వెలుగు వచ్చింది. అదేమిటో చూద్దామని జనం కిటికీల దగ్గరికి వెళ్లారు. వెలుగు వచ్చిన ఒకటిన్నర, రెండు నిమిషాలకు ఆఘాత తరంగం వచ్చి అద్దాలను ముఖాల మీదికి నెట్టింది. అలాంటిది నిజామాబాద్ ఖిల్లా మీద జరిగితే వెలుగు బోధన్‌లో అదే క్షణాన కనపడుతుంది, చప్పుడు మాత్రం నిమిషం దాటాక గానీ చేరదు. ఆ నిమిషంలో చేయవలసిన పని కిటికీకి దూరంగా నేల మీద పడుకోవడం.

1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కాలో ఇంతకన్నా పెద్దది జరిగింది. మూసీ వరద హైదరాబాద్‌ను ముంచింది కూడా ఆ ఏడాది సెప్టెంబరులోనే. తుంగుస్కాలో 2000 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి నేలకు ఒరిగింది, ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో దాదాపు సగం. 1927లో లియొనిద్ కూలిక్ బృందం వెళ్లి చూసినప్పుడు పెద్ద గుంట కోసం వెతికింది, దొరకలేదు. నట్టనడుమ చెట్లు కొమ్మలు రాలి నిలబడే ఉన్నాయి, చుట్టూ ఉన్నవి నడుమ నుంచి బయటి వైపుకు పడి ఉన్నాయి. ఆ పడిన తీరు నుంచే శక్తిని వెనక్కి లెక్కగట్టారు. ఇంతవరకూ ఏకాభిప్రాయం రాలేదు. 3 మెగాటన్నులన్నవారూ ఉన్నారు, అంతకు అయిదింతలన్నవారూ ఉన్నారు.

గాలిని చీల్చుకుని నేలదాకా వచ్చిన రాయిని చూడాలంటే సైబీరియా దాకా పోనక్కర్లేదు. బోధన్ నుంచి వాయవ్యంగా గాలిలో గీత గీస్తే సుమారు 200 కిలోమీటర్లకు మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లాలోని లోణార్ వస్తుంది. బోధన్‌కు బకాసురుడి కథ ఉన్నట్టే లోణార్‌కు లవణాసురుడి కథ ఉంది. ఊరి అంచున నిలబడితే దాదాపు 1.8 కిలోమీటర్ల అడ్డుకొలతతో గుండ్రటి గుంట, అడుగున ఉప్పునీటి చెరువు కనపడతాయి. గట్టు చుట్టుపక్కల నేలకన్నా ఎత్తుగా ఉంటుంది, లోపలి నుంచి ఎగజిమ్మిన రాతితో ఏర్పడింది కాబట్టి. 2020 జూన్‌లో నీరు ఉప్పదనం పెరిగి, ఉప్పులో బతికే సూక్ష్మజీవులతో గులాబి రంగుకు మారినప్పుడు లోణార్ పేరు అందరి నోటా పడింది. ఆ ఏడాదే దాన్ని రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు.

చుట్టూ ఉన్నది దక్కను అగ్నిశిల కాబట్టి ఆ గుంట కూడా అగ్నిపర్వతం పనే అనుకున్నారు చాలాకాలం. 1970ల్లో గుంట అడుగున డ్రిల్లింగ్ చేసి తీసిన రాతి ముక్కల్లో ఫెల్‌స్పార్ ఖనిజం కరగకుండానే గాజుగా మారిపోయి కనిపించింది. అలా జరగాలంటే మామూలు గాలి పీడనానికి రెండు మూడు లక్షల రెట్ల ఒత్తిడి క్షణంలో పడాలి. ఏ అగ్నిపర్వతానికీ అంత శక్తి లేదు. గుంట వయసు 52 వేల ఏళ్లని ఒక పద్ధతి, 5 లక్షల 70 వేల ఏళ్లని ఇంకో పద్ధతి చెబుతున్నాయి.

లోణార్ శక్తిని చేతి లెక్కతో తేల్చడానికి అరిజోనాలోని బారింజర్ గుంట పనికొస్తుంది. అది 1.2 కిలోమీటర్ల గుంట, దాని శక్తి సుమారు 10 మెగాటన్నులని అంచనా. గుంట అడ్డుకొలత రెట్టింపు కావాలంటే శక్తి సుమారు పదింతలు కావాలి. లోణార్ ఒకటిన్నర రెట్లే కాబట్టి శక్తి నాలుగింతలు, అంటే 40 మెగాటన్నుల చుట్టుపక్కల. అరిజోనాలో మెత్తటి ఇసుకరాయి, ఇక్కడ గట్టి నల్లరాయి, కాబట్టి ఈ అంకె అటో ఇటో జరుగుతుంది. వచ్చిన రాయి ఇప్పుడు లేదు. గుంట ఉంది కాబట్టి కనీసం వెనక్కి లెక్కపెట్టడానికి ఏదో దొరికింది.

అపోఫిస్‌ను ముందుగానే తూచే ఏర్పాట్లు జరుగుతున్నాయి. 2029 ఏప్రిల్ 13న, మన గడియారంలో 14వ తేదీ తెల్లవారుజామున మూడుంబావుకు, అది భూమికి 32,000 కిలోమీటర్ల ఎత్తున పోతుంది. టీవీ ప్రసారాలు పంపే ఉపగ్రహాల కన్నా కింద. ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో దూరదర్శిని లేకుండానే కనపడుతుంది. అప్పటికే దాని పక్కన ఉండేలా ఐరోపా అంతరిక్ష సంస్థ రామ్‌సెస్ అనే నౌకను 2028లో పంపే పనిలో ఉంది. బెన్ను నుంచి మట్టి తెచ్చిన నాసా నౌక ఓసైరిస్-అపెక్స్ అన్న కొత్త పేరుతో, అపోఫిస్ భూమిని దాటిపోయాక దాని దగ్గరికి చేరుతుంది. రాయి ఆకర్షణకు నౌక ఎంత పక్కకు జరిగిందో రేడియో సంకేతాల తేడాలో కొలిస్తే బరువు నేరుగా వస్తుంది. దాన్ని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుంది, ఈ ప్రసంగంలో ఊహతో పెట్టుకున్న 2.6 అనే అంకె స్థానంలో కొలిచిన అంకె వచ్చి కూర్చుంటుంది.